కడిగి పెట్టిన పెరడు

“ఈ సంచులేమిటి అత్తయ్యా?”

 గోడెలీవ కోళ్ల గూటి ముందు వంగి నీళ్ల పళ్లెం తోముతోంది. అప్పటికే అది తళతళలాడుతోంది. అయినా తోముతూనే ఉంది.

కోడలు వీర్లె పెరటి కొట్టు గుమ్మంలో నిలబడి చేతిలోని సంచిని ఇంకోసారి చూసింది. తోటల దుకాణంలో మట్టి అమ్మే ప్లాస్టిక్ సంచి, ఖాళీది. కొట్టులో ఇలాంటివి ఒక దొంతర ఉన్నాయి. అన్నీ కడిగి, ఆరబెట్టి, అంచుకు అంచు కలిపి దుప్పట్లలా మడత పెట్టి ఉన్నాయి. తప్పు చేసినవాళ్లెవరైనా దాని ఆనవాళ్లు ఎక్కడో పారేస్తారు. ఈవిడ ఇస్త్రీ ఒక్కటే తక్కువగా సర్ది పెట్టుకుంది!

“మిమ్మల్నే అడుగుతున్నాను.”

“నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.”

“అయితే చెప్పండి. ఇంత మట్టి కొని ఎక్కడ పోశారు?”

“మట్టి ఎక్కడ పోస్తారమ్మా, మంచం మీద పోస్తారా? పెరట్లో పోశాను.”

“ఎప్పుడు?”

గోడెలీవ చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

“ఎప్పుడు అత్తయ్యా? మట్టి నమూనాలు తీసేవాళ్లు రాకముందా, వచ్చి వెళ్లాకా?”

“ఇంటికి మనుషులొస్తున్నారంటే వాళ్లు వచ్చి వెళ్లాక ఊడుస్తారా ఎవరైనా?”

 వీర్లె కొట్టు తలుపు పట్టుకుని నిలబడింది.

నిన్ననే ఆ వీధిలో ఇంటింటికీ ఉత్తరాలొచ్చాయి. కార్ఖానా గోడ వెంబడి ఉన్న పదకొండు ఇళ్లలో పదింటి పెరళ్లలో సీసం లేదట. కార్ఖానా అంటే తెల్ల కార్ఖానా, ఒకప్పుడు జింకు కరిగించి తెల్ల రంగుపొడి తయారు చేసేది. అది మూతపడి ఒక తరం గడిచింది గాని, దాని నేలలో మాత్రం సీసం, జింకు ఇంకా అలాగే కూర్చున్నాయి. ఇన్నాళ్లకి ఫ్లాండర్స్ ప్రభుత్వం డబ్బు పోసి ఆ స్థలమంతా తవ్వించి, శుభ్రం చేయించి, ఇళ్లూ పార్కూ బడీ కట్టించబోతోంది. గోడ పక్కనున్న ఈ వీధి కూడా చెడిపోయిందని తేలితే, అదే పనిలో ఈ పెరళ్లు కూడా తవ్వి మంచి మట్టి నింపి ఇస్తుంది. ఇంటివాళ్ల చేతినుంచి ఒక్క సెంటు డబ్బు కూడా కదలదు.

వీధి చెడిపోకుండా ఎలా ఉంటుంది? మా ఊరు హేర్‌బెక్‌లో పుట్టినవాళ్లెవరినడిగినా చెబుతారు. ఆ రోజుల్లో శనివారం సాయంత్రం కార్ఖానా గేటు దగ్గర కొలిమి బూడిద ఊరికే ఇచ్చేవాళ్లు, ఎవరికి ఎంత కావాలంటే అంత. మా ఊరిది ఇసక నేల. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. ఆ నల్ల బూడిద పరిచి దిమ్మిస కొడితే పెరడు చక్కగా గట్టిపడేది. గోడెలీవ భర్త ఫిర్మాన్ కొలిమి దగ్గర మేస్త్రీ. తన పెరడే కాదు, వీధి మొత్తానికి చక్రాల బండి మీద మోసి మోసి పోసిన మనిషి. పోయి మూడేళ్లయింది గాని, ఆయన మంచితనాన్ని ఆ వీధి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంతటి వీధిలో సీసం లేదని ఉత్తరం! టౌన్‌హాల్లో ఆ పనికే ఉద్యోగం చేస్తున్న వీర్లెకి నిన్న రాత్రంతా అర్థం కాలేదు. ఇప్పుడర్థమైంది.

“మీరొక్కరేనా? అందరూనా?” గొంతు తగ్గించి అడిగింది.

“అందరి సంగతి నాకెందుకు?”

“అత్తయ్యా!”

“అరవకు. అటు పక్కింటి ఓడీల్ పావురాల మేడ మీదే ఉన్నాడు, అన్నీ వింటాడు.” గోడెలీవ నడుం పట్టుకుని నెమ్మదిగా లేచింది. “వీధి వాళ్లు కాఫీకి వచ్చినప్పుడు చెప్పాను. మట్టి పరీక్షకి ఎవరో వస్తున్నారట, మన పెరళ్లు చూసి ఏమనుకుంటారో అన్నాను. అంతే. శనివారం ఎలాగూ అందరం మెట్లు కడుక్కునే రోజే కదా. ఓడీల్ తన కారుకి ట్రైలర్ తగిలించాడు. వీధి వీధంతా తోటల దుకాణానికి పోయాం.”

ఏం చెప్పమంటారు! మా వైపు ఆడవాళ్లకి డాక్టరుగారు ఇంటికొస్తున్నాడంటే ముందు రోగి పక్కదుప్పటి మార్చాలి, ఆ తరవాతే రోగి. నీళ్ల గొట్టం బాగుచేసేవాడొస్తున్నాడంటే ఆ గొట్టాన్ని కూడా తుడిచి పెడతారు. ఆ వీధి వాళ్లకి తాము మోసం చేస్తున్నామని ఒక్క క్షణమైనా తోచలేదు. పరాయివాళ్లు వచ్చి ‘ఛీ, ఇదేం మురికి’ అనుకోకూడదు, అంతే వాళ్ల బాధ. అందుకని ఏ జంకూ లేకుండా నాలుగు వేళ్ల మందాన కొత్త మట్టి పరిచి, దాని మీద దంతె లాగి, పైన నాలుగు పువ్వుల మొక్కలు నాటి, నమూనాల వాళ్లకి కాఫీ ఇచ్చి పంపించారు. వాళ్లు కూడా, పాపం, పై మట్టే కదా తీసుకునేది. పిల్లలు ఆడేదీ కోళ్లు గీరేదీ పై మట్టే కాబట్టి.

“మీకు తెలుస్తోందా ఏం చేశారో?” వీర్లె సంచి ఎత్తి చూపించింది. “ఇవాళ సాయంత్రం చర్చి హాల్లో పటం చూపిస్తారు. రేపు సరిహద్దు గీత ఖాయం. వీధి ఆ గీత బయట ఉండిపోతుంది. ఇక మళ్లీ ఎవరూ రారు. ఆ బూడిద మీ కింద అలాగే ఉంటుంది!”

“ఉంటే ఉండనీ. ఇన్నేళ్లున్నాం. నేను చచ్చానా?”

“మీ సంగతి కాదు. పక్కింటి అనూక్ సంగతేమిటి?”

ఆ పేరు వినగానే గోడెలీవ పళ్లెం ఎత్తి చూసుకోవడం మొదలుపెట్టింది. ఎక్కడైనా మచ్చ మిగిలిందేమోనని.

“ఆమెకి ఎందుకు చెప్పలేదు?”

“కొత్త మనిషి. కాఫీకి రాదు.”

“మీరు పిలిచారా?”

గోడెలీవ పళ్లెం మళ్లీ నీళ్లలో ముంచింది.

“పదకొండింట్లో ఆమె పెరడొక్కటే పటంలో ఎర్రగా వచ్చింది. ఒక్కటే అయితే ప్రభుత్వం ముట్టుకోదు. ఇల్లుగలవాళ్లే బాగుచేయించుకోవాలి. ఆమె దగ్గర ఏముంది? ఒంటరిగా పిల్లని పెంచుకుంటోంది. ఆ పిల్ల రక్తంలో సీసం ఉందని డాక్టరు చెప్పాడు. మీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“తెలిసీ...” వీర్లెకి కోపంతో మాట తడబడింది. “మీకు మనుషులకన్నా మెట్లు ముఖ్యం అత్తయ్యా. నేనీ ఇంటికొచ్చిన రోజునుంచీ చూస్తున్నాను. తుడవడం, కడగడం, ఎవరేమనుకుంటారో అని చావడం. సిగ్గులేదూ మీకు? ఇవాళ హాల్లో లేచి మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను.”

గోడెలీవ పళ్లెం కింద పెట్టింది. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది. కోడలి మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.

“చెప్పు. ఎవరొస్తారో ఎప్పుడొస్తారో నాకెలా తెలిసిందని అడిగితే అది కూడా చెబుతావా?”

వీర్లె చూపు సంచి మీదికి దించుకుంది. 

పరీక్షకి ముందు ఒక ఆదివారం, ఈ ఇంట్లోనే భోజనం. కుందేలు మాంసం, ఎండు ప్రూన్ పళ్లు వేసి వండిన కూర. గోడెలీవ బంగాళాదుంపలు వడ్డిస్తోంది. ‘ఎవరికీ చెప్పకండేం, పైవారం మంగళవారం వస్తున్నారు’ అని నవ్వుతూ అన్నది ఎవరు? తేదీ ముందుగా బయటపడకూడదని సంతకం పెట్టిన మనిషి. చెప్పాల్సిన అవసరమేమీ లేదు. ఊరందరికీ తెలియనిది తనకి తెలుసని, అత్తగారి బల్ల దగ్గర ఆ చిన్న గొప్ప చూపించుకోవాలనిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

చెవులు వేడెక్కిపోయాయి వీర్లెకి. చేతిలో సంచి ఉన్నచోటే మళ్లీ పెట్టేసింది. అత్తగారు మడత పెట్టినట్టే, అంచుకు అంచు కలిపి.

అంతలో పక్క గుమ్మం చప్పుడైంది.

“గోడెలీవ గారూ, ఉన్నారా?”

అనూక్. చంకలో రెండేళ్ల కూతురు లోట్టె, చేతిలో ఖాళీ గుడ్ల అట్టపెట్టె. ప్రతి వారం గోడెలీవ ఆ పెట్టెలో ఆరు గుడ్లు పెట్టి ఇస్తుంది. పిల్లకి బలమని.

“పెట్టె ఇచ్చేసి పోదామని. ఇక గుడ్లు వద్దులెండి, కోపం తెచ్చుకోకండి. డాక్టరు కొన్నాళ్లు తోట గుడ్లు మానేయమన్నాడు. మీ పెరడు శుభ్రమేనని తెలుసు, ఉత్తరం వచ్చిందట కదా. అయినా ఎందుకైనా మంచిదని.”

“లోపలికి రా,” అంది గోడెలీవ.

“వద్దులెండి, చెప్పులకి మట్టి ఉంది.” ఆ మాట అనగానే అనూక్ మొహం ఎర్రబడింది. తన మట్టి అంటే ఇప్పుడు ఊరందరికీ తెలిసిన మట్టి. వీర్లె వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పు వీర్లె. నువ్వు టౌన్‌హాల్ మనిషివి. నా ఒక్క పెరడే ఎందుకలా వచ్చింది? నేనేం చేశాను? ముందున్నాయన కార్లు బాగుచేసేవాడని ఓడీల్ అంటున్నాడు. నిజమేనా? లేకపోతే నేనే ఏదైనా తెచ్చి పోశానా? కొన్న ఎరువులో ఏదైనా ఉందా? రాత్రంతా అదే ఆలోచన.”

వీర్లె కొట్టు తలుపు దగ్గరికి వేసింది. “ఇవాళ... సాయంత్రం వివరంగా చెబుతారు.”

“దీని చేతులు చూడండి.” అనూక్ పిల్ల అరచేయి విప్పి చూపించింది. ఎర్రగా కందిపోయి ఉంది. “కడిగి కడిగి. గంటకోసారి కడుగుతున్నాను. నిన్న ఏడ్చింది, అయినా కడిగాను. నేనేం తల్లిని!”

గోడెలీవ ఆ చిన్న చేతిని చూసింది. తన చెయ్యి సగం దాకా చాపి, వెనక్కి తీసుకుని ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.

“టార్ట్ చేశాను,” అంది. “పాలల్లో ఉడికించిన బియ్యంతో. హాలుకి. నీకో ముక్క...”

“వద్దండి. ఏం తిన్నా గొంతు దిగడం లేదు.”

ఆమె వెళ్లిపోయింది. గుడ్ల పెట్టె కిటికీ గట్టు మీద ఉండిపోయింది. అత్తాకోడళ్లిద్దరూ దాని వైపు చూస్తూ నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“ఏమంటావిప్పుడు?” అడిగింది గోడెలీవ.

“ఈ సాయంత్రానికి ఊరుకుందాం అత్తయ్యా.” వీర్లెకి తన గొంతు తనకే పరాయిగా వినపడింది. “తరవాత ఏదో ఒక దారి చూస్తాను. ఆఫీసులో నెమ్మదిగా కదిపి చూస్తాను.”

గోడెలీవ తల ఊపింది. ఔననో కాదనో తెలియలేదు.

*

భర్త యోరిస్ పనినుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే వీర్లె అంతా చెప్పేసింది. అతను సగం విప్పిన బూటుతో అలాగే కూర్చుండిపోయాడు.

“అమ్మ మట్టి కొందా?” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“నవ్వులాటగా ఉందా నీకు?”

“కాదు. నాన్న పోసిన దాని మీద పోసిందే అని.” అతను బూటు విప్పి పక్కన పెట్టాడు. “నాకు ఏడేళ్లుంటాయి. దిమ్మిస నా చేతికిచ్చి కొట్టమన్నాడు నాన్న. ఆయనెంత పొంగిపోయాడో ఆ రోజు. వీధిలో మొట్టమొదట బురద లేని పెరడు మాదే.”

“అదంతా సరే, ఇప్పుడేం చేద్దాం?”

“నువ్వేం చేయాలనుకుంటున్నావు?”

“నేను చెబితే నా ఉద్యోగం పోతుంది యోరిస్.”

“పోతుంది.”

“అంత తేలిగ్గా అంటావేం?”

“మరేమనమంటావు? పోదు అంటే నమ్ముతావా?” అతను లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అక్కణ్ణుంచే అన్నాడు. “ఆ ఆదివారం నువ్వు చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. చెప్పకూడదు కదా అనుకున్నాను. నేనూ ఊరుకున్నాను. మాంసం బాగా కుదిరింది, ఎందుకు గొడవ అనుకున్నాను.”

ఆ మాట వినకపోయినా బాగుండేదనిపించింది వీర్లెకి. తిట్టినా బాగుండేది. నీళ్లు ధారగా పోతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

*

చర్చి హాలు నిండిపోయింది. వెనక బల్ల మీద కాఫీ డబ్బాలు, కప్పులు, మధ్యలో గోడెలీవ చేసిన టార్ట్. ఎవరూ ఇంకా కోయలేదు.

వీర్లె పని మైకు అందించడం. ప్రశ్న అడగాలనుకున్నవాళ్లు చెయ్యెత్తుతారు. ఆమె వాళ్ల దగ్గరికి నడిచి, మైకు మీట నొక్కి, నోటి దగ్గర పెట్టాలి. ప్రశ్న అయ్యాక మళ్లీ మీట నొక్కి ఆపాలి. పొద్దున వరకు అది చాలా తేలిక పని అనుకుంది.

వేదిక మీద మెస్టాక్ పటం చూపిస్తోంది. రాజధానినుంచి వచ్చిన అధికారి. పొట్టి జుట్టు, నెమ్మది మాట. కార్ఖానా స్థలమంతా ఎర్రగా ఉంది. దాని చుట్టూ ఒక గీత. గీతకి ఇవతల వీధి, వరసగా పది పచ్చ గళ్లు. వాటి మధ్య ఒక్క ఎర్ర గడి.

“మీ వీధికి శుభవార్త,” అంది మెస్టాక్. “మేం అనుకున్నంత చెడిపోలేదు. మా వాళ్లు కూడా చెప్పారు, పెరళ్లు ఎంత బాగా చూసుకుంటున్నారో అని.”

ఓడీల్ చప్పట్లు కొట్టాడు. ముందు వరసల వాళ్లూ కొట్టారు. “నా పావురాలనడిగితే ముందే చెప్పేవి!” అన్నాడు ఓడీల్. అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు కొంచెం గట్టిగా ఉంది. అవసరమైనదానికన్నా గట్టిగా. పదిళ్ల వాళ్లలో ఒక్కరూ ఇంకొకరి వైపు చూడకుండా నవ్వుతున్నారు.

అనూక్ చెయ్యెత్తింది. వీర్లె వెళ్లి మైకు పట్టుకుంది. పిల్ల లోట్టె ఆ మైకుని చూసి తినేదేమో అనుకుని చెయ్యి చాపింది.

“ఆ ఎర్ర గడి మాది,” అంది అనూక్. “నేనేం చేయాలి?”

“ఒక్క స్థలమే అయితే, అండీ, అది కార్ఖానావల్ల వచ్చిందని చెప్పడం కష్టం. రెండు పక్కలా శుభ్రంగా ఉన్నప్పుడు అది ఆ స్థలంలోనే జరిగిందనుకోవాలి. అలాంటప్పుడు బాధ్యత ఇంటి యజమానిది.”

“నేను వచ్చి రెండేళ్లయింది. నేనేమీ పోయలేదు.”

“మీరు చేశారని నేననడం లేదు.”

“కార్లు బాగుచేసేవాడుండేవాడు కదా అక్కడ!” ఓడీల్ మైకు లేకుండానే అందించాడు. “బ్యాటరీలు కూడా విప్పేవాడనుకుంటా.”

నాలుగైదు తలలు ఊగాయి. ఔను, ఔను, విప్పేవాడు. వీర్లెకి ఆ మనిషి గుర్తున్నాడు. సైకిళ్లు బాగుచేసేవాడు. బ్యాటరీ అంటే దీపానికి వేసేదే.

 అనూక్ పిల్ల చేతిని తన చేత్తో కప్పి కూర్చుంది. వీర్లె మైకు ఆపి నాలుగడుగులు వెనక్కి వేసింది. ఇక్కడే ఇప్పుడే చెప్పేస్తే? తన గొంతులోనే ఉంది మాట. ఇంకొంచెం ఆగుదాం, అయ్యాక మెస్టాక్ గారిని పక్కకి పిలిచి చెబుదాం అనుకుంది. అలా అనుకున్నందుకు తలెత్తలేకపోయింది.

అప్పుడు మూడో వరసలో ఇంకో చెయ్యి లేచింది. ముడతలు పడ్డ చెయ్యి. ఆదివారం వేసుకునే కోటు చేతి అంచు.

గోడెలీవ.

 వీర్లె వెళ్లి అత్తగారి పక్కన నిలబడి మీట నొక్కింది. గోడెలీవ లేచి నిలబడింది. మైకుని కాదు, ఎదురుగా పటాన్ని చూస్తూ మాట్లాడింది.

“నేను గోడెలీవని. ఫిర్మాన్ భార్యని. మీ వాళ్లు వస్తున్నారని తెలిసి మా పెరడు కడిగి పెట్టాను.”

హాల్లో నవ్వులు. మెస్టాక్ కూడా చిరునవ్వు నవ్వింది.

“నవ్వకండి. కడగడమంటే నీళ్లతో కాదు. దుకాణంలో మట్టి కొని నాలుగు వేళ్ల మందాన పరిచాను. మీ వాళ్లు డబ్బాల్లో నింపుకెళ్లింది ఆ దుకాణం మట్టి. మా మట్టి దానికింద ఉంది. నల్లగా ఉంటుంది. కార్ఖానా బూడిద. మా ఆయన పోశాడు. మంచికే పోశాడు.” ఆవిడ కోటు బొత్తాం సర్దుకుంది.  “ఆయన పోసింది మురికి అని నా నోటితో చెప్పలేకపోయాను. అందుకని కప్పేశాను.”

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కాఫీ డబ్బా మూత దగ్గర ఆవిరి బుస మాత్రం వినిపిస్తోంది.

“మీరొక్కరేనా అమ్మా?” మెస్టాక్ గొంతు మారిపోయింది.

గోడెలీవ ఎటూ చూడలేదు. “నా సంగతే నేను చెబుతున్నాను.”

కాని మెస్టాక్ పటం వైపు తిరిగి చూసింది. పది పచ్చ గళ్లు. తరవాత ముందు వరసలు చూసింది. ఆ వరసల్లో ఉన్నవాళ్లందరూ తమ బూట్లు చూసుకుంటున్నారు. ఓడీల్ ఒక్కడే చూసుకోలేదు. అతను వెనక్కి తిరిగి గోడెలీవనే చూస్తున్నాడు. మొహం మాడిపోయి ఉంది.

అనూక్ నెమ్మదిగా తల తిప్పి ఒక్కొక్కరినీ చూసింది.  ఆ చూపు తనదాకా రాకముందే వీర్లె చూపు దించేసుకుంది.

“పరాయివాళ్ల ముందు మురికిగా కనపడకూడదనుకున్నాం,” అంది గోడెలీవ. “మురికంతా ఈ పిల్ల నెత్తిన పోశాం. ఒక్కసారికి తప్పయిపోయింది. ఇంకోసారి రమ్మంటే మీ వాళ్లు వస్తారా? ఈసారి ఏమీ ఊడవం.”

మెస్టాక్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది.

“రావచ్చు. నేను గీత ఆపగలను. కాని ఒక విషయం తేలాలి. మా వాళ్లు ఏ రోజు వస్తారో మేమెవరికీ చెప్పలేదు. చెప్పకూడదని సంతకాలు పెట్టించుకున్నాం. అది బయటికి పొక్కిందంటే ఎక్కడో మాలోనే ఎవరో చెప్పారు. అది ఎవరో తెలియకుండా రెండోసారి పరీక్షకి నేను సంతకం పెట్టలేను. రెండోసారి కూడా అలాగే పొక్కదని ఏమిటి నమ్మకం? రేపు పొద్దున లోపల నాకు తెలియాలి. మీకెవరు చెప్పారమ్మా?”

వీర్లె చేతిలోని మైకు అత్తగారి నోటికి ఒక జానెడు దూరంలో ఉంది.  దాన్ని రెండో చేత్తో కూడా పట్టుకుంది.

గోడెలీవ కోడలి వైపు చూడలేదు. చూస్తే చాలు, హాలంతా చూస్తుంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

“ఎవరూ చెప్పలేదు,” అంది.

“ఎవరూ చెప్పకుండా ఎలా తెలుస్తుంది?”

“ముసలిదాన్ని. అన్నీ తోస్తుంటాయి.”

“అమ్మా, మీరు ఎవరినో కాపాడుతున్నారు. దానివల్ల మీ వీధికే నష్టం. ఈ పాపకే నష్టం.”

“ఎవరూ చెప్పలేదన్నానుగా.” గోడెలీవ కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. పొద్దున్నుంచీ తోమి తోమి ఆ వేళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

ఇవాళ పొద్దున తను ఈవిడనే కదా సిగ్గులేదూ అని అడిగింది!

వీర్లె నిలబడే ఉంది. హాల్లో అందరూ గోడెలీవనే చూస్తున్నారు, తనని ఎవరూ చూడడం లేదు. చెప్పడానికి ఒక్క మాట చాలు. ‘నేనే.’ నోరు తెరిచింది. అప్పుడే హాలు నాలుగు మూలల స్పీకర్లనుంచీ ఏదో పెద్ద ఊపిరి వినిపించింది. ఎవరో పరిగెత్తుకొచ్చి రొప్పుతున్నట్టు. మైకు ఆపలేదు. ఆ ఊపిరి తనదే.

అందరూ తలలు తిప్పారు.

వీర్లె బొటనవేలు మీటని నొక్కింది. ఆ చప్పుడు ఆగిపోయింది. మైకు ఆరిపోయింది.

వెనక వరసలో యోరిస్ రెండు చేతుల్లో మొహం దాచుకోవడం కనిపించింది. అత్తగారు మాత్రం కదల్లేదు. సంచి మీద వేళ్లు కొంచెం బిగిశాయి, అంతే.

“ఇంకెవరైనా మాట్లాడతారా?” అడిగింది మెస్టాక్. గొంతులో ఆశేమీ లేదు.

ఒక చెయ్యి లేచింది. ఓడీల్.

అతను మామూలుగా మైకు కోసం ఆగే మనిషి కాదు. ఇవాళ ఆగాడు. చెయ్యి దించకుండా వీర్లెనే చూస్తూ నిలబడ్డాడు. కాఫీ దగ్గర గోడెలీవ ‘మా కోడలు చెప్పింది, మంగళవారమట’ అన్నప్పుడు ఆవిడ పక్కనే కూర్చున్నది అతనే.

“ఇటు తీసుకురా అమ్మాయ్,” అన్నాడు. “నేను చెప్పేది అందరికీ వినపడాలి.”

గోడెలీవ చటుక్కున తలెత్తింది. “ఓడీల్, కూర్చో!”

“నువ్వు మా అందరి పరువూ తీశాక నేనెందుకు కూర్చోవాలి గోడెలీవమ్మా?”

మైకు తీసుకెళ్లి ఇవ్వడమే వీర్లె పని. నడిచింది. అత్తగారి వరస దాటింది, అనూక్ కుర్చీ దాకా వచ్చింది. నిద్రలోకి జారుకున్న లోట్టె చెయ్యి తల్లి భుజం మీదినుంచి వేలాడుతోంది. కందిన అరచేయి పైకి తిరిగి ఉంది.

వీర్లె అక్కడ ఆగింది.

రెండు కుర్చీల అవతలనుంచి ఓడీల్ మైకు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. తన నోటి దగ్గరికీ తెచ్చుకోలేదు. బొటనవేలు మాత్రం మీట మీదే ఉంది.